సవరణ: పోయిన వస్తువులు, మూడు నెలల గడువు

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో పోగొట్టుకున్న వస్తువుల గురించి రాస్తూ, ‘మూడు నెలల్లో ఎవరూ రాకపోతే అది దొరికినవాళ్లదే’ అన్నాను. అది తప్పు, క్షమించండి.

కాలిఫోర్నియా సివిల్ కోడ్ 2080.8 సెక్షన్ చెప్పేది వేరు. రీజెంట్లు, అంటే ఆ యూనివర్సిటీ పాలకమండలి, ఈ వస్తువులపై చేసే నిబంధనలో వాటిని కనీసం మూడు నెలలు భద్రపరచాలని ఉండాలి. ఆ తర్వాత బహిరంగ వేలం. వేలానికి కనీసం 5 రోజుల ముందు పత్రికలో ప్రకటన రావాలి. ‘కనీసం’ అన్న మాటను నేను వదిలేయడం పెద్ద పొరపాటు. అక్కడ చదువుతున్న మన పిల్లలెవరైనా నా మాట నమ్మి, దొరికిన ల్యాప్‌టాప్‌ను తమ దగ్గరే ఉంచుకుంటే? ఆ టెన్షన్‌తోనే వెంటనే ఇది రాస్తున్నాను. దొరికింది ఏదైనా క్యాంపస్ పోలీసులకో, లాస్ట్ అండ్ ఫౌండ్ కౌంటర్‌లోనో ఇచ్చేయండి.

మన దేశంలోనూ అంతే. 1872 కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును తీసుకున్నవారికి దాన్ని జాగ్రత్తగా చూసే బాధ్యత ఉంటుంది. పాత పోస్టులో ‘దొరికినవాళ్లదే’ అన్న ఆ తప్పు వాక్యం తీసేశాను.