సవరణ: ఫ్రాంక్ సోలిచ్ తొలగింపు, నెబ్రాస్కా పతనం

నెబ్రాస్కా విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పతనం 2003 నవంబరులో కోచ్ ఫ్రాంక్ సోలిచ్‌ను తొలగించడంతోనే మొదలైందన్న మునుపటి టపాలోని వాక్యాన్ని, ఆ పతనం అంతకుముందే మొదలైందని సవరించి చదువుకోగలరు. 2001 నవంబరులో కొలరాడో చేతిలో 62-36 స్కోరుతో ఓడినప్పుడే బలహీనత బయటపడింది. అయినా జాతీయ ఛాంపియన్‌షిప్ పోరుకు చేరిన ఆ జట్టును మయామీ 37-14తో చిత్తుచేసింది. 2002లో ఏడు గెలుపులు, ఏడు ఓటములు. అయితే ఆరు సీజన్లలో 58 విజయాలు అందించిన మనిషిని, అదీ కొలరాడోపై నెగ్గిన మర్నాడే, సాగనంపడం తొందరపాటేనన్న అభిప్రాయంలో మార్పు లేదు. తరువాత వచ్చిన బిల్ కాలహన్ ఏళ్లనాటి ఆప్షన్ ఆటను (బంతితో తానే పరుగెత్తాలా, సహచరుడికి అందించాలా అన్నది క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునే, పరుగే ప్రధానమైన పద్ధతి) పక్కనపెట్టి, బంతిని ముందుకు విసిరే పాస్‌లను నమ్ముకోగా, 2004లో జట్టు 5-6తో ముగించింది; 1961 తరువాత గెలుపులకన్నా ఓటములు ఎక్కువైన తొలి సీజన్ అదే.