నమాజ్ ఏ భాష మాట?

ఖురాన్ మొత్తం వెతికినా 'నమాజ్' అన్న మాట కనిపించదు. అక్కడున్నది 'సలాత్' అనే అరబ్బీ మాట. అందుకే నమాజ్ అనడం మానేసి సలాత్ అనే అనాలని కొందరు గట్టిగా పట్టుబడుతున్నారు. ఇంకోవైపు, నమాజ్ సంస్కృతం నుంచే పుట్టిందనే వాదనా ఉంది. రెండూ ఆ మాట చరిత్రకు అన్యాయం చేసేవే.

నమాజ్ పారశీక పదం. ఇస్లాం ఇరాన్‌కు చేరకముందే అక్కడి పహ్లవీ భాషలో, అంటే పారశీకపు పాత రూపంలో, వంగి నమస్కరించడాన్ని ఇలా అనేవారు. పారశీక కవి ఫిరదౌసి 1010 ప్రాంతంలో పూర్తిచేసిన 'షానామా' అనే ఇతిహాస కావ్యంలో రాజు ముందు వంగి దండం పెట్టడం కూడా 'నమాజ్ బుర్దన్' అవుతుంది. మన 'నమః'తో పోలిక నిజమే. వంగడం అనే అర్థమున్న పాత ఇండో-ఇరానియన్ ధాతువు రెండింటికీ మూలం. అవి అక్కాచెల్లెళ్లే, తల్లీకూతుళ్లు కావు.

ఇరానీయులు మతం మారారు గానీ ఈ మాటను వదులుకోలేదు. పారశీకం పలుకుబడి సాగినంత మేరా అది వెళ్లింది: టర్కీకి, కజకిస్తాన్‌కు, ఒట్టోమన్ల వెంట బోస్నియా దాకా. ఉర్దూ నుంచి తెలుగులోకొచ్చి 'నమాజు' అయింది. వంగి, నేలకు నుదురు ఆనించి చేసే ఆరాధనను 'నమాజు చదవడం' అని ఎందుకంటారు? పారశీకంలో 'నమాజ్ ఖాందన్' అంటారు, ఖాందన్ అంటే చదవడం. దాన్నే ఉర్దూ 'నమాజ్ పఢ్‌నా' చేసుకుంది. మరణించినవారి కోసం చేసే 'నమాజె జనాజా'లో అయితే మొదటి మాట పారశీకం, రెండోది అరబ్బీ. ఇన్ని శతాబ్దాల్లో ఆ జంట ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

పోనీ, సలాత్ అయినా అచ్చమైన అరబ్బీయా? ఖురాన్ రాతలో ఆ మాటకు 'వ', 'ఊ' ధ్వనులకు వాడే 'వావ్' అక్షరం ఉంటుంది, పలికేది మాత్రం 'ఆ'. అది అరబ్బీకి దగ్గరి చుట్టమైన అరామిక్ భాష ప్రభావమని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. అరామిక్‌లో ఒక రూపమైన సిరియాక్ వాడే క్రైస్తవులు ప్రార్థనను 'స్లోతా' అంటారు. అంటే ఖురాన్ కూడా ఆ ప్రాంతపు జనం ఎరిగిన మాటలోనే ప్రార్థన గురించి చెప్పింది. అది దాని గొప్పతనమే తప్ప లోపం కాదు. అలాంటప్పుడు పారశీక మూలం ఒక్కటే తప్పెలా అవుతుంది?

మలయ్ భాషలో సలాత్‌తో పాటు 'సెంబాహ్యాంగ్' అనే మాట కూడా ఉంది. సెంబా అంటే వందనం. హ్యాంగ్ ఇస్లాంకు ముందు అక్కడివాళ్లు దైవానికి వాడిన పేరు. తరతరాలు ఆ మాట పలుకుతూ ఐదు పూటలా మక్కా దిక్కుగా నిలబడ్డవారి భక్తికి కొత్తగా ఎవరి ధ్రువీకరణా అక్కర్లేదు.