పొలిమేర ఎక్కడ సార్?

మా ఊరి రచ్చబండ దగ్గర పోయిన వారం ఒక ఫ్లెక్సీ లేచింది. ‘మనమంతా ఒకే నగరం, ఒకే కుటుంబం’ అట. కింద పద్దెనిమిది ముఖాలు, అందరూ చేతులు జోడించి. అందులో మా ఊరివాడు ఒక్కడూ లేడు. కుటుంబమన్నాక ఇలాంటివి మామూలే.

మా ఊరి పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఇప్పుడది ఒక డివిజన్ నంబరు. 1886లో మున్సిపాలిటీ అయిన తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది, ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల్ని కలుపుకుని గ్రేటర్ అవుతానంటోంది. కానివ్వండి. నా టెన్షనంతా తిరుపతి గ్రామదేవత గంగమ్మ గురించే.

తాతయ్యగుంట గంగమ్మ పుట్టిల్లు అవిలాల. జాతరకు అక్కడి నుంచి కైకాల కులంవాళ్లు పుట్టింటి సారె తెస్తారు. రేపు అవిలాలనూ కలిపేస్తే అది సారె ఎలా అవుతుంది? ఒక డివిజన్ నుంచి ఇంకో డివిజన్‌కు సామాను బదిలీ. పసుపు కుంకుమలకు రసీదు రాయాలి, చీరకు ఇద్దరు సంతకం పెట్టాలి.

ఇక చాటింపు. జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటొద్దు, బయటివాళ్లు ఊళ్లో ఉండొద్దు అని రాత్రిపూట డప్పు కొట్టి చెబుతారు. మరి చాటేవాడికి పొలిమేర తెలియాలి కదా? పాపం, ఆఫీసుకే పోతాడు.

“సార్, పొలిమేర ఎక్కడ?”

“పాతదా, ప్రతిపాదనలో ఉన్నదా?”

“అమ్మవారిది సార్.”

“అది మా మ్యాపులో లేదు. అర్జీ పెట్టుకో, పదిహేను రోజుల్లో చెప్తాం.”

“ఈ రాత్రికే చాటాల సార్. రేణిగుంటలో ఫ్లైటు దిగినోళ్లు ఊరోళ్లా, బయటోళ్లా?”

“ఇంటి పన్ను కట్టుంటే ఊరోళ్లే. అవునూ, డప్పుకు పర్మిషన్ ఉందా?”

పన్నంటే గుర్తొచ్చింది. కొత్త నోటీసు మా ఇంటికి టంచనుగా వచ్చింది. వీధి చివర మురుగు కాలవ మాత్రం ఇంకా పంచాయతీలోనే ఉంది. అప్పట్లో పొద్దున్నే సర్పంచ్ గడప ముందు నిలబడి తిట్టేవాళ్లం. ఆయన కాఫీ ఇచ్చి మరీ తిట్టించుకునేవాడు. ఇప్పుడు టోకెన్ ఇస్తున్నారు.

మా ఎదురింటి అక్క ఏటా ఎండాకాలం ఉపాధి పనికి పోయేది. పల్లె నగరమైపోతే ఆ కార్డు చెల్లదు, ఆ పథకం పల్లెలకే. ఆమె పార అదే, ఇంటి ముందు కట్టేసిన ఎనుము అదే, రాత్రి పట్టుకునే నడుం నొప్పీ అదే. కాగితం మీద మాత్రం నగరవాసి! పని పీకేశారు, పన్ను వేశారు, పైన కుటుంబమని ఫ్లెక్సీ కట్టారు. సిగ్గుండాలి. కోడలు గడప దాటి లోపలికొచ్చిన రోజే ఆమె ముందున్న కంచం లాక్కునే ఇంటిని కుటుంబమంటారా?

ఆడవాళ్లను వేధించి దాక్కున్న పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం వేసిందట. చివరికి దొర వేషం వేస్తేగానీ వాడు బయటికి రాలేదు. కాలవ కోసం నేనూ వేషాలు మార్చాను. అర్జీదారుడు, ఓటరు, మాజీ వార్డు మెంబరు గారి బామ్మర్ది. ఎవడూ బయటికి రాలేదు. దొర వేషానికి నా దగ్గర కోటు లేదు.

జాతరలో బండ వేషం రోజు ఎవరినెంత బూతు తిట్టినా తప్పు కాదు. ఆ ఫ్లెక్సీని అప్పటిదాకా ఎవరూ పీకకండి.