రాత్రికి చాప, పొద్దున్నే వీధి

సికింద్రాబాద్ స్టేషన్ ముందో, కోఠిలో ఆసుపత్రి గోడల వెంబడో, విజయవాడ బస్టాండు చుట్టుపక్కలో రాత్రి పదకొండు దాటాక ఒకసారి నడిచి చూడండి. ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషి చెప్పులు తల కింద పెట్టుకుని ఉంటాడు. తెల్లారేసరికి అవి పోతే అడ్డా మీదికి ఉత్తికాళ్లతో వెళ్లాలి. చొక్కా లోపలి జేబులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్ కార్డు ఉంటుంది. దాంతోపాటే మడతలు పడి చిరిగిన మందుల చీటీ. వీళ్లలో ఎక్కువ మంది ఒంటరివాళ్లు. అడ్డా కూలీలు, హమాలీలు, ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు. చాలామందికి పని ఉంది. వచ్చిన కూలి డబ్బు దాచుకుని తాళం వేసుకోవడానికి తలుపు లేదు.

2011 జనగణనలో దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది ఇల్లు లేనివాళ్లుగా తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య సుమారు 1.45 లక్షలు. ఫిబ్రవరి 28 నాటి ఒక్క రాత్రి కంటికి కనబడినవాళ్ల లెక్క అది. అంతకు ఏడాది ముందే సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రాత్రీపగలూ తెరిచి ఉండే షెల్టర్లు పెట్టమని ఆదేశించింది. 2013లో కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద దీన్ని పథకంగా మార్చింది. లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు అని రాసుకుంది. గ్రేటర్ హైదరాబాద్‌కు 2011 జనాభా ప్రకారం చూసినా 67 షెల్టర్లు ఉండాలి. నగరం కోటి దాటింది కానీ షెల్టర్ల సంఖ్య ఆ పాత లెక్కకు కూడా దరిదాపుల్లో లేదు. ఈ పథకం నడుస్తున్న తీరు చూసి 2016 నవంబరులో సుప్రీంకోర్టే జస్టిస్ కైలాశ్ గంభీర్ ఆధ్వర్యంలో పరిశీలన కమిటీ వేయాల్సి వచ్చింది.

సంఖ్య గురించి ఈ మాట చాలామంది అన్నారు, మేమూ అన్నాం. ఈరోజు అడగాల్సింది ఇంకొకటుంది. ఉన్న షెల్టర్లకైనా కార్పొరేషన్లు ఏం కొంటున్నాయి?

షెల్టర్‌ను మున్సిపాలిటీ స్వయంగా నడపడం అరుదు. భవనమో, ఫ్లైఓవర్ కింద నాలుగు గోడలో చూపించి నిర్వహణను స్వచ్ఛంద సంస్థకు అప్పగిస్తుంది. పథకం మార్గదర్శకాల్లో 50 మంది ఉండే షెల్టర్‌కు నిర్వహణ ఖర్చు కింద పెట్టింది ఏడాదికి 6 లక్షల రూపాయలు. అంటే నెలకు 50 వేలు, మనిషికి రోజుకు 33 రూపాయలు. ఒక మేనేజరు, మూడు షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్లు, కరెంటు, నీళ్లు, ఫినాయిల్, దుప్పట్లు ఉతికించడం అన్నీ అందులోనే. కేర్‌టేకర్ రిజిస్టర్ తీసి పేరు, వయసు, ఊరు రాసుకుంటాడు, చాప ఇస్తాడు, లైటు ఆర్పుతాడు. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ‘ఏమైంది, ఇల్లెందుకు వదిలావు, రేపేం చేద్దాం’ అని అడగడానికి ఈ డబ్బులో ఎవరూ మిగలరు. ఇచ్చే ఆ కాస్తా వేళకు రాదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లను ఎవరిని కదిలించినా ముందు వచ్చే మాట ఆగిపోయిన బిల్లుల గురించే. జీతం అందని కేర్‌టేకర్ ఎన్నాళ్లుంటాడు? ఏడాది గడువుతో పని తీసుకుని, వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియని సంస్థ ఏ నర్సును పెట్టుకుంటుంది?

ఒంటరి మనిషికి అలా కూర్చోబెట్టి అడిగే ఆ ఒక్క తోడే ముఖ్యం. టీబీ సంగతే తీసుకోండి. మామూలు టీబీకి కూడా మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఫుట్‌పాత్ మీద ఉన్నవాడు రెండో నెలలో పని కోసం ఇంకో ఊరు వెళ్లిపోతాడు, మందు ఆగుతుంది, జబ్బు మొండికెత్తుతుంది. పింఛనుకు అడ్రస్ కావాలి. పోయిన ఆధార్ మళ్లీ తెచ్చుకోవడానికి నాలుగు సార్లు తిరిగే ఓపిక ఉండాలి. తాగుడు అలవాటున్నవాడిని చాలాచోట్ల గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. మిగతావాళ్ల భద్రత రీత్యా అందులో కొంత న్యాయం ఉంది. కానీ ఎక్కువ సాయం కావలసినవాడే బయట మిగిలిపోతున్నాడు.

మనసు చెదిరి వీధిలో తిరుగుతున్నవాళ్ల విషయంలోనైతే చట్టం చాలా స్పష్టంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇల్లు లేదనో, ఇంటివాళ్లు తీసుకెళ్లడం లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. వాళ్ల కోసం హాఫ్‌వే హోమ్‌లు (ఆసుపత్రి నుంచి మామూలు జీవితంలోకి వెళ్లేముందు కొన్నాళ్లు ఉండే ఇళ్లు), తోడు ఉండే వసతి ఏర్పాటు చేయాలని అదే చట్టం చెబుతోంది. ఎర్రగడ్డలోనో విశాఖ చినవాల్తేరులోనో నయమై డిశ్చార్జికి సిద్ధంగా ఉండీ, పిలిచేవాళ్లు లేక వార్డులో మిగిలిన మనిషికి ఆ వసతి చూపాల్సింది ఎవరు? ఆరోగ్య శాఖ మున్సిపాలిటీ వైపు చూస్తుంది, మున్సిపాలిటీ సంక్షేమ శాఖ వైపు చూస్తుంది.

చేయలేని పనేమీ కాదిది. చెన్నైలో ది బనియన్ సంస్థ ‘హోమ్ అగైన్’ పేరుతో ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో ఉండిపోయినవాళ్లను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో ఉంచుతోంది. వాళ్లే కూరగాయలు తెచ్చుకుంటారు, వండుకుంటారు, పక్కింటివాళ్లతో మాట్లాడతారు. తోడుగా ఒక కార్యకర్త ఉంటుంది. అలాంటి వసతి కోసం ఇక్కడ కార్పొరేషన్ టెండరు పిలవడం మేమింతవరకు చూడలేదు.

బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్లు ఈ పనికి చాలాకాలంగా డబ్బు పెడుతున్నాయి. గది ఇచ్చి, పక్కన ఒక సహాయకుడిని పెట్టే సంస్థలతో ఒప్పందాలు చేసుకుంటాయి. అక్కడా ఒక పొరపాటు జరిగింది. తోడు ఇస్తున్నామని చెబితే చాలు, మామూలు పరిమితులు దాటిన అద్దెను ప్రభుత్వ సాయం నుంచి రాబట్టుకునే వీలు ఉండేది. దాంతో బర్మింగ్‌హామ్ లాంటి నగరాల్లో పాత ఇళ్లను గదులుగా చీల్చి, తోడు మాట గాలికొదిలి, అద్దె మాత్రం వసూలు చేసుకున్నవాళ్లు పుట్టుకొచ్చారు. చివరికి 2023లో ప్రత్యేక చట్టం తెచ్చి ఆ సంస్థలకు ప్రమాణాలు, లైసెన్సుల దారి వేశారు. తలకింత అని డబ్బు కట్టి, లోపల ఏం జరుగుతోందో చూడకపోతే ఇక్కడా అదే అవుతుంది. ఇక్కడ తల లెక్క కూడా రిజిస్టర్‌లో సంతకాలే.

ఇంకో అడ్డంకి మన బుర్రల్లో ఉంది. డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లయినా, టిడ్కో ఇళ్లయినా, ఇందిరమ్మ ఇళ్లయినా కుటుంబం అనే లెక్క మీదే నడుస్తాయి. ప్రైవేటు అద్దెకు వెళ్తే గేటుకు ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ బోర్డు. యాభై ఏళ్ల ఒంటరి కూలీ ఏ జాబితాలోనూ లేడు. అతను కార్పొరేషన్ కంట పడేది ప్రముఖులు వచ్చినప్పుడే. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్ వీధుల్లో భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్లను జైలు ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. సదస్సు అయిపోయింది, వాళ్లలో చాలామంది మళ్లీ అవే సిగ్నళ్ల దగ్గర తేలారు. ఎత్తి బండెక్కించడానికి ఉన్న సిబ్బంది, తర్వాత వెంట నడవడానికి ఎందుకు ఉండరు?

జీవనోపాధుల మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. దాని స్థానంలో పట్టణ పేదరిక నిర్మూలన మిషన్ ఖరారు చేస్తున్నామని 2025 ఫిబ్రవరిలో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. దాని కోసం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల మున్సిపల్ శాఖలు, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థలైన మెప్మాలు ఈ బడ్జెట్‌లోనే మొదలుపెట్టవచ్చు. నిర్వహణ ఒప్పందం కనీసం మూడేళ్లు ఉండాలి. తక్కువకు కోట్ చేసిన సంస్థకు కాకుండా, ఎంతమందిని చికిత్సలో నిలబెట్టింది, ఎంతమందికి పింఛను, ఖాతా, గది దక్కేలా చేసిందో చూసి పని ఇవ్వాలి. ఇరవై మందికి ఒక సామాజిక కార్యకర్త జీతం ఒప్పందంలోనే రాయాలి. బిల్లు నెలలోగా చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకిచ్చేందుకు 2020లోనే కేంద్రం వీలు కల్పించింది. అందులో కొన్ని ఫ్లాట్లను ఒంటరివాళ్లకు, ముగ్గురు నలుగురు కలిసి ఉండేలా, సంపాదనను బట్టి అద్దెకు ఇవ్వాలి. షెల్టర్ నుంచి బయటికి ఒక దారి ఏర్పడితే ఆ చాప ఇంకొకరికి దొరుకుతుంది.

2027 ఫిబ్రవరిలో జనగణన జరగబోతోంది. వీధిలో పడుకున్నవాళ్లను లెక్కపెట్టడానికి మళ్లీ ఒక రాత్రి వస్తుంది. ఆ లోపే ప్రతి కార్పొరేషన్ తన వార్డుల్లో ఎవరెక్కడ పడుకుంటున్నారో సొంతంగా సర్వే చేసి, ఆ జాబితా పక్కన ఎన్ని గదులు, ఎందరు కార్యకర్తలు, ఎంత డబ్బు అన్నది రాసి జనం ముందు పెట్టాలని ఈ పత్రిక కోరుతోంది.