విమానం ఎక్కకముందే తేల్చుకోవలసిన ఖాతాలు

విదేశంలో ఉద్యోగం ఖాయమైన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన ఇక్కడికి పంపుకునే ఖాతా) ఏ బ్యాంకులో తెరిస్తే వడ్డీ ఎక్కువ? బ్యాంకులో పనిచేసి విరమించినవాణ్ని కాబట్టి వడ్డీ లెక్క చెప్పగలను. కానీ అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. ఈ ఖాతా గురించి ఏటా ఏ ప్రభుత్వానికి చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అన్నది ముందు అడగాలి. దేశం మారేవారు ఖాతాలనూ పెట్టుబడులనూ కొత్త దేశపు పన్ను చట్టాన్ని చూసి ఎంచుకోవాలని, ఆ పనిలో సగానికి పైగా ఇక్కడ బెంగళూరులో ఉండగానే ముగించుకోవాలని నా గట్టి అభిప్రాయం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. వీసా చేతికి వచ్చాక ప్రయాణానికి మిగిలే ఆ కొద్ది వారాలే అందుకు సమయం.

ముందు చేతిలో ఉన్న ఖాతా సంగతి చూద్దాం. మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో కంపెనీ తెరిపించిన జీతం ఖాతాను అలాగే వదిలి వెళ్లిపోయేవారే ఎక్కువ. 2000 జూన్ నుంచి అమల్లో ఉన్న ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం, ఉద్యోగం కోసం దేశం విడిచిన రోజు నుంచే మీరు ప్రవాసి. చదువుకోవడానికి వెళ్లినవారినీ రిజర్వు బ్యాంకు అలాగే చూస్తుంది. ఆదాయపు పన్ను చట్టం మాత్రం ఆ ఏడాది దేశంలో ఎన్ని రోజులు ఉన్నారో లెక్కపెడుతుంది. అందువల్ల పన్నుల దృష్టిలో ఇంకా నివాసిగా ఉంటూనే ఫెమా దృష్టిలో ప్రవాసి అయిపోవచ్చు. వెళ్లి ఇంకా ఆరు నెలలు కాలేదు కదా అన్న సమాధానం బ్యాంకు దగ్గర చెల్లదు.

పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చమని రాసివ్వాలి. వైట్‌ఫీల్డ్ ఫ్లాటు అద్దె, షేర్ల డివిడెండు, ఊళ్లో పొలం కౌలు, ఇలా ఇక్కడ పుట్టే రాబడి అందులో పడుతుంది. దాని వడ్డీ మీద బ్యాంకు సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను ముందే కోస్తుంది. అందులోంచి బయటికి పంపడానికి ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి ఉంది, పన్ను కట్టినట్టు కాగితాలూ చూపాలి. విదేశీ సంపాదన పంపుకోవడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా. అందులోని అసలూ వడ్డీ రెండూ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. పాత పీపీఎఫ్ గడువు తీరేదాకా నడుస్తుంది, ఆ తర్వాత పొడిగించే వీలు లేదు. ఇంకో మాట: యజమాని ప్రవాసి అయ్యాక అద్దెలోంచి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత అద్దెకున్నవారి మీద పడుతుంది. ఈ సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. మీరే చెప్పి వెళ్లడం మర్యాద.

ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి భారతదేశంలో పన్ను లేదు. అమెరికాలో ఉంది. అక్కడ పన్ను నివాసి అయినవారు ప్రపంచంలో ఏ మూల వచ్చిన ఆదాయాన్నయినా అక్కడి రిటర్నులో చూపాలి. ఈ ఒక్క విషయం తెలియక ఏళ్ల తరబడి చూపకుండా ఉండిపోయి, గ్రీన్‌కార్డు దశకు వచ్చాక నిద్ర పట్టక ఫోను చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ పన్ను ఎగ్గొట్టాలనుకున్నవాళ్లు కారు. పన్ను లేదని బ్యాంకు చెప్పింది, నమ్మారు.

ఆదాయం చూపడం ఒక ఎత్తు, ఖాతా ఉందని చెప్పడం ఇంకో ఎత్తు. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు, అంటే సుమారు తొమ్మిది లక్షల రూపాయలు, దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. దాని గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 వరకు పొడిగింపు ఉంటుంది. దానితో పన్నేమీ కట్టనక్కరలేదు, వివరాలు రాస్తే చాలు. రాయకపోతే ఏమవుతుందో అలెగ్జాండ్రు బిట్నర్ కేసులో చూశాం. తెలియక చెప్పని 272 ఖాతాలకు అక్కడి ప్రభుత్వం 27 లక్షల 20 వేల డాలర్ల జరిమానా వేసింది. 2023 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు, ఖాతాకొక జరిమానా కుదరదు, ఇవ్వని నివేదికకొక జరిమానాయే అని తేల్చి దాన్ని 50 వేల డాలర్లకు తగ్గించింది. అదీ ఐదుగురు న్యాయమూర్తులు అటు, నలుగురు ఇటు. ఎవరికి తెలుస్తుందిలే అనుకునే రోజులు పోయాయి. 2010లో అమెరికా ఫ్యాట్కా చట్టం చేసింది, 2015 జులైలో భారతదేశం దానిపై ఒప్పందం సంతకం చేసింది. అమెరికా పన్ను నివాసుల ఖాతాల వివరాలు మన బ్యాంకుల నుంచే అక్కడికి వెళ్తున్నాయి.

ఇక్కడే మన ఇళ్ల అలవాటు ఒకటి పిల్లల మెడకు చుట్టుకుంటోంది. నాన్న పదవీ విరమణ డబ్బంతా ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వేసి, ప్రతి రసీదు మీద తన పేరు పక్కన కొడుకు పేరో కూతురి పేరో రాయిస్తారు. పిల్లలు అందులో రూపాయి వేయలేదు, తీయలేదు. చాలాసార్లు ఎన్ని రసీదులు ఉన్నాయో కూడా వాళ్లకు తెలియదు. అయినా ఆ కొడుకు అమెరికా పన్ను నివాసి అయితే ఆ డిపాజిట్ల మొత్తమంతా, సగం కూడా కాదు, మొత్తమంతా అతని ఎఫ్‌బార్‌లో రావలసిందే. ప్రేమతో రాయించిన పేరు అది. అందుకే దాన్ని తీయించమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ చెప్తాను. ఆ పేరును ఖాతాదారు స్థానం నుంచి తీసి నామినీగా పెట్టండి. నామినీగా ఉన్నంత మాత్రాన ఎఫ్‌బార్ బాధ్యత రాదు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు, కాబట్టి పిల్లల్లో ఎవరినీ తక్కువ చేసినట్టూ ఉండదు. పేరు తీయించడానికి ఆ పేరున్న మనిషి సంతకం కూడా బ్యాంకు అడుగుతుంది. అతను ఊళ్లో ఉండగా అయితే ఒక పూట పని.

మరి అమ్మకో నాన్నకో ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో ఉంటే డబ్బు ఎవరు తీస్తారని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడే ఉండే అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే వాళ్ల పేరు పెట్టండి. ఒక్కడే కొడుకైతే అత్యవసరానికి సరిపడే ఒక్క ఖాతాలో అతని పేరు ఉంచి, దాన్ని ఏటా నివేదికలో రాయమనండి.

మ్యూచువల్ ఫండ్ల దగ్గరకు వచ్చేసరికి నా మాటకు ఎదురు ఎక్కువ. మార్కెట్ పడినా సిప్, అంటే నెలనెలా ఫండులో వేసే వాయిదా, ఆపవద్దని విని పెరిగిన తరం ఇది. ఆ మాట మంచిదే. అమెరికా వెళ్లేవారిని మాత్రం నేను ఆపమనే అంటాను. 1986 నాటి అమెరికా పన్ను సవరణల్లో విదేశీ ఫండ్ల వంటి పెట్టుబడుల మీద పీఎఫ్‌ఐసీ అనే నిబంధన వచ్చింది. మన దేశపు మ్యూచువల్ ఫండ్లు దాని కిందికి వస్తాయి. మామూలు పద్ధతిలో, అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని ఉంచుకున్న సంవత్సరాలన్నిటికీ పంచి, గడిచిన ఏళ్ల వాటా మీద గరిష్ఠ రేటున, ఇప్పుడైతే 37 శాతం, పన్ను వేసి, ఆలస్యానికి వడ్డీ కూడా కలుపుతారు. ఒక్కో ఫండుకు విడివిడిగా 8621 అనే ఫారం నింపాలి. దాన్ని నింపిపెట్టే అకౌంటెంటు రుసుము చిన్న సిప్‌ల లాభాన్ని మింగేస్తుంది. నేరుగా కొన్న కంపెనీ షేర్లకు సాధారణంగా ఈ బాధ లేదు.

ఇంత తేడా ఉన్నా ఇక్కడ ఎవరూ చెప్పరు. బెంగళూరులో ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో, మరుసటి నెల డాలస్ వెళ్లబోతున్న ఒక కుర్రవాడి చేత కొత్త ఫండు దరఖాస్తు నింపించడం నా కళ్లారా చూశాను. భారతదేశం కాక మరే దేశంలోనైనా మీరు పన్ను నివాసా అని సన్నటి అక్షరాల్లో అడిగే గడి అందులో ఉంది. మేనేజరు ఆ ప్రశ్న చదివి వినిపించలేదు. ‘కాదు’ అన్న చోట తానే టిక్కు పెట్టి, సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి కాగితం తిప్పి ఇచ్చాడు. ఆ రోజుకు ఆ టిక్కు నిజమే. ఈ వివరం మారితే ముప్పై రోజుల్లో తెలియజేస్తానన్న హామీ కూడా ఆ గడి కిందే ఉంది, దాని మీదే కుర్రవాడు సంతకం చేశాడు. అతను వీసా కాపీ చూపించి ఎన్‌ఆర్‌ఓ గురించి అడగడానికి వచ్చినవాడు. ప్రయాణం సంగతి తెలిసి కూడా అమ్మడం నాకు క్షమించరానిదిగా తోచింది.

ఎప్పుడు అమ్మాలన్నదానికి తేదీలు ముఖ్యం. ఏడాదికి పైగా ఉంచుకున్న ఈక్విటీ ఫండ్ల మీద మన దగ్గర లక్షా పాతిక వేల రూపాయల లాభం దాటితే 12.5 శాతం పన్ను. అమెరికా పన్ను నివాసి కాకముందు అమ్మితే ఆ పన్నుతో సరి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద మొదటిసారి అక్టోబరులో దిగినవారికి, పన్ను నివాసి కావడానికి కావలసిన 183 రోజులు ఆ క్యాలెండరు ఏడాదిలో నిండవు కాబట్టి సాధారణంగా డిసెంబరు 31 దాకా గడువు ఉంటుంది. మార్చిలో వెళ్లి అక్కడే ఉండిపోయేవారికి దిగిన రోజు నుంచే నివాసం మొదలవుతుంది. భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసుకోవడానికి ప్రత్యేక ఎంపిక చేసుకుంటే ఏడాది మొత్తానికీ నివాసులవుతారు, దాంతో ఆ డిసెంబరు గడువు పోతుంది. ఎఫ్-1 వీసా మీద చదువుకునే విద్యార్థుల పరిస్థితి వేరు. వాళ్ల రోజులు ఐదు క్యాలెండరు సంవత్సరాల దాకా లెక్కలోకి రావు. చదువు ముగిసి హెచ్-1బికి మారే ముందు మాత్రం ఈ పని గుర్తుపెట్టుకోవాలి.

అందరూ అమెరికాకే వెళ్లరు. కెనడాలో పీఎఫ్‌ఐసీ లేదు. అక్కడ నివాసి అయిన రోజున ఉన్న మార్కెట్ ధరనే మీ కొనుగోలు ధరగా తీసుకుంటారు. అందుకని అమ్మనక్కరలేదు, ఆ రోజు స్టేట్‌మెంటు దాచుకుంటే చాలు. జర్మనీ వెళ్లే విద్యార్థులు ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో (ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలకింత అని మాత్రమే తీసుకునే ఖాతాలో) చూపడంతోనే సతమతమవుతారు. బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి కొత్తగా వచ్చినవారి విదేశీ ఆదాయానికి నాలుగేళ్ల మినహాయింపు ఇస్తోంది, అంతకు ముందు పదేళ్లు అక్కడ నివాసి కాకపోతేనే. డాలస్‌లో ఉన్న బావగారి సలహా టొరంటో వెళ్లేవారికి పనికిరాదని చెప్పడమే నా ఉద్దేశం.

అమెరికా చేరాక మొదటి ఏడాది ఖాతాలు ఎంత తక్కువైతే అంత మంచిది. జీతం నేరుగా జమయ్యే చెకింగ్ ఖాతా ఒకటి, నెలవారీ రుసుము లేనిది. అప్పు చరిత్ర లేనివారికి డిపాజిట్ మీద ఇచ్చే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు ఒకటి. కంపెనీ తన వాటా కలిపే 401(కె) అనే పదవీ విరమణ పొదుపు ఖాతా ఉంటే ఆ వాటా మొత్తం వచ్చేంత వరకు తప్పకుండా వేయండి. అక్కడ ఒక బ్యాంకులో ఒక మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా డిపాజిట్ బీమా ఉంది, మన దగ్గర 2020 ఫిబ్రవరి నుంచి ఐదు లక్షల రూపాయలు. ఇక తెలుగువారి పండుగ సంబరాల్లో పరిచయమై బీమా, పెట్టుబడి కలిపిన పాలసీ అంటగట్టేవారికి మొదటి ఏడాది ఏ సంతకమూ పెట్టకండి. మన ఊరివాడన్న అభిమానం వేరు, ఇరవై ఏళ్ల ప్రీమియం వేరు. ఇక్కడి ఫోను నంబరును రీఛార్జి చేస్తూ బతికించుకోండి, లేదా విదేశీ నంబరుకు ఓటీపీ పంపే బ్యాంకును ఎంచుకోండి. ఎన్‌ఆర్‌ఐ ఖాతా ఎంపికలో అర శాతం వడ్డీ కంటే నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

తిరిగి వచ్చేవారికి ఇదే లెక్క తలకిందులవుతుంది. అక్కడి ఖాతాలను ఇక్కడి రిటర్నులో చూపాలి. నల్లధనం చట్టం కింద చూపకపోతే పది లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాక మిగతావన్నీ కలిపి ఇరవై లక్షలు దాటనివారికి 2024 అక్టోబరు నుంచి దాని నుంచి మినహాయింపు ఇచ్చారు. వచ్చిన కొత్తలో రెండు మూడేళ్లు చాలామందికి దొరికే పన్ను వెసులుబాటును వాడుకోవాలంటే, తిరుగు ప్రయాణం తేదీ నిర్ణయించుకునే ముందే అకౌంటెంటును కలవాలి.

మన తెలుగు సంఘం విదేశాలకు వెళ్తున్న పిల్లలకు శాలువా కప్పి పంపిస్తుంది. చాలా మంచి పని. కార్యవర్గాన్ని నేను కోరేది ఒక్కటి. జులైలో ఒక ఆదివారం, డిసెంబరులో ఒక ఆదివారం, రెండు దేశాల పన్నులూ తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటును పిలిపించి ఒక పూట కూర్చోబెట్టండి. ఏ ఫండు కంపెనీనీ, బీమా ఏజెంటునూ ఆ వేదిక ఎక్కనివ్వకండి. పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా తమ డిపాజిట్ రసీదులు పట్టుకుని రావాలి. పేర్లు మార్పించే దరఖాస్తులు, ఎన్‌ఆర్‌ఓ మార్పు కాగితాలు పక్కన కూర్చుని నింపిపెట్టే పని నేను చేస్తాను.