స్కేలు కోసేసిన బొమ్మ

మొన్న ఉగాది వేడుకల్లో స్టేజీ వెనక కట్టిన అమరావతి ఫ్లెక్సీ ముందు నిలబడి ఎంతోమంది ఫొటోలు దిగారు. అది అమరావతి బౌద్ధస్తూపం శిల్పఫలకానికి రెండు వందల ఏళ్ల కిందట కర్నల్ కాలిన్ మెకంజీ బృందం గీసిన బొమ్మ. బ్యానరు నిండాలని దాన్ని అడ్డంగా సాగదీశారు, గుండ్రటి పద్మం కోడిగుడ్డులా తయారైంది. బొమ్మ కింద ఉండే స్కేలు (అసలు రాయి కొలత చెప్పే గీత), తేదీ, గీసినవారి పేరు కోతలో పోయాయి.

వాలంటీర్లు నిద్ర మానుకుని పనిచేశారు, కాదనను. కానీ ఆ బొమ్మ ఎవరిదో చూడండి. స్కాట్లండులో లూయిస్ దీవిలో పుట్టి 1783లో మద్రాసు చేరిన మెకంజీ మైసూరు సర్వే నడిపాడు, 1815లో దేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. తనూ బొమ్మలు గీసేవాడు. ఆ కాలపు సర్వేలో కొలత ఎంత పట్టింపో చెప్పాలంటే, 1802లో లాంబ్టన్ అనే సర్వేయరు మద్రాసు దగ్గర బేస్‌లైన్ (సర్వే లెక్కలన్నిటికీ ఆధారమైన మొదటి గీత) కొలిచినప్పుడు 100 అడుగుల ఉక్కు గొలుసు పక్కనే థర్మామీటర్లు పెట్టాడు. వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఆ గొలుసు దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు సాగుతుంది. దాన్నీ లెక్కలో సరిచేసేవారు. మనం ఏకంగా అడుగులకు అడుగులే సాగదీశాం.

ఆ స్తూపం ఉన్న దిబ్బ అయిన అమరావతి దీపాలదిన్నెను మెకంజీ మొదట 1790ల చివర్లో చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వేశారు. ఇటుకలు, రాళ్లు మనవాళ్లే ఊరి కట్టడాలకు పట్టుకుపోయారు, పాలరాయి లాంటి ఆ సున్నపురాయిని కాల్చి సున్నం చేశారు. అందుకే ఆయన మనుషులు 1819 దాకా ఒక్కో ఫలకాన్నీ కొలిచి, సిరాతో గీసి, పలుచని రంగుతో నీడలు దిద్దారు. వాళ్లలో జాన్ న్యూమన్, హెన్రీ హామిల్టన్ ఉన్నారు. ఆ రాళ్లలో చాలా ఇప్పుడు లేవు. స్కేలుతో ఉన్న బొమ్మను పట్టుకుని ఏ ముక్క ఎంత పొడవో నేడూ లెక్కకట్టవచ్చు. స్కేలు తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

మెకంజీ సేకరణ పని మొత్తానికి వెన్నెముక ఆయన దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు. బొర్రయ్య 1803లో పోయాక లక్ష్మయ్య ఆ బరువు మోశాడు. ఊరూరా కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించింది వాళ్లూ, వాళ్ల కింది మనుషులూ. మన బ్యానరు మీద వాళ్ల పేరు ఒక మూలనైనా లేదు.

వచ్చే ఏడాది వేసేవాళ్లకు నా విన్నపం: ఫైలును మూల పట్టుకుని లాగండి, పొడవు వెడల్పుల నిష్పత్తి లాక్ చేసి ఉంచండి. బ్యానరు పెద్దదైతే రెండు పక్కలా ఖాళీ వదిలేయండి. ప్రింటుకు ఇచ్చే ముందు పద్మం నిలువునా అడ్డంగా ఒకే కొలత ఉందో లేదో రూలర్ పెట్టి చూడండి. కింద స్కేలు, తేదీ, గీసినవారి పేరు ఉండనివ్వండి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లు పిల్లలకు కనపడేంత పెద్ద అక్షరాల్లో వేయించండి.