డేటాబేస్‌లోకి బీఆర్ ట్యాగులు ఎక్కించకండి

హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, నేర్పుతున్న సార్లు జర వినండి. ఫారంలో నాలుగు లైన్లు టైపు చేస్తే పేజీలో ఒకటే లైను వస్తోందని స్ట్రింగులోకే, అంటే సేవ్ అయ్యే అక్షరాల్లోకే, లైను విరిచే బీఆర్ ట్యాగు దూర్చి సేవ్ చేసే అలవాటు ఇగ మానాలి. ఆ పూటకు పని గడుస్తుంది. అదే డేటా ఎస్‌ఎంఎస్‌కో, ఎక్సెల్‌కో, మొబైల్ యాప్‌కో పోయిన్నాడు అంతా ఆగమవుతుంది.

స్ట్రింగులో లైను విరగడం వేరు, తెర మీద విరగడం వేరు. డబుల్ కోట్స్ మధ్య బ్యాక్‌స్లాష్, చిన్న ఎన్ రాస్తే పీహెచ్‌పీ దాన్ని ఆస్కీ 10 (కొత్త లైను గుర్తు) అనే ఒక్క క్యారెక్టర్‌గా మారుస్తుంది. సింగిల్ కోట్స్‌లో మార్చదు, ఆ రెండు గుర్తులూ ఉన్నవి ఉన్నట్టే అచ్చవుతాయి. కోట్స్ సరిచేసినా బ్రౌజర్‌లో ఒకటే లైను కనిపిస్తే కంగారు పడొద్దు. పేజీ అసలు కోడ్ చూపించే వ్యూ సోర్స్ తెరిస్తే లైన్లు విడివిడిగానే ఉంటాయి. పేజీ రాసే భాష హెచ్‌టీఎంఎల్ ఆ 10ని మామూలు ఖాళీ కిందే లెక్కేస్తుంది.

కాబట్టి మార్పు చేయాల్సింది చూపించే చోట. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో వైట్ స్పేస్‌కు ప్రీ-లైన్ ఇస్తే సరిపోతుంది, నా ఓటు దీనికే. ప్రతి విరుపు దగ్గర బీఆర్ పెట్టే ఎన్‌ఎల్‌టూబీఆర్ ఫంక్షన్ వాడతామంటే ముందు హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (ట్యాగు గుర్తులను మామూలు అక్షరాలుగా చూపించేది), ఆ తర్వాతే అది. వరుస తిరగబడితే ట్యాగు కోణపు బ్రాకెట్లతో సహా తెర మీద కనపడుతుంది. హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ అసలే వదిలేస్తే ఎవడైనా స్క్రిప్ట్ ఎక్కించొచ్చు. ప్రీ-లైన్, ఎన్‌ఎల్‌టూబీఆర్ రెండూ ఒకేచోట మాత్రం పెట్టొద్దు: ఎన్‌ఎల్‌టూబీఆర్ పాత 10ని తీసేయదు, దాని ముందు ట్యాగు చేరుస్తుందంతే. ప్రీ-లైన్ కూడా ఉంటే ప్రతి లైను రెండుసార్లు విరుగుతుంది.

అసలు పరేషాన్ లైన్లు విడగొట్టేటప్పుడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల పేజీ చేస్తున్నారనుకోండి. టెక్స్ట్ ఏరియాలో తేజ, వండర్ హాట్, 341 అని మిర్చి రకాలను లైనుకొకటి కొట్టారు. బ్రౌజర్ ఫారం పంపేటప్పుడు ప్రతి విరుపునూ 13 (క్యారేజ్ రిటర్న్ అనే ఇంకో కనపడని క్యారెక్టర్), 10 జంటగా పంపుతుంది. లినక్స్ సర్వర్‌లో పీహెచ్‌పీ ఈఓఎల్ (లైను చివర గుర్తు) అంటే ఒక్క 10. దాంతో ఎక్స్‌ప్లోడ్ చేస్తే, అంటే ముక్కలు చేస్తే, తేజ చివర కనపడని 13 అంటుకునే ఉంటుంది. పోల్చితే సరిపోలదు. ఆఖరి 341 ఒక్కటే దొరుకుతుంది, మిగతావి ఎందుకు దొరకలేదో ఎంత చూసినా అర్థం కాదు. మాక్స్‌లెంగ్త్ (ఎన్ని క్యారెక్టర్లు టైపు చేయొచ్చో పెట్టే హద్దు) గొడవా దీంతోనే: బ్రౌజర్ విరుపును ఒక్కటిగా లెక్కిస్తే సర్వర్‌కు రెండు చేరతాయి.

సేవ్ చేసే ముందే 13-10 జంటలను 10గా మార్చండి, తర్వాత ఒంటరి 13లను. ఒంటరివాటితో మొదలుపెడితే ప్రతి జంటా రెండు 10లై మధ్యలో ఖాళీ లైన్లు పుడతాయి.

అక్షరాల నమూనా వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఆర్ అన్ని రకాల విరుపులనూ పట్టుకుంటుంది కదా అంటారా? చివర చిన్న యు మాడిఫయర్ (అక్షరాలను యూటీఎఫ్-8 అనే కోడుగా చదవమని చెప్పే గుర్తు) లేకుండా వాడితే తెలుగుకు అది ప్రమాదం. యూటీఎఫ్-8లో ‘అ’ మూడు బైట్లు, ఆఖరిది హెక్స్‌లో 85. యు లేకపోతే ఆ బైటును కూడా లైను విరుపనుకుంటుంది. ‘అల్లం’లో మొదటి అక్షరమే తెగి చెత్త గుర్తులు వస్తాయి, ‘ఇంగువ’కు ఏమీ కాదు. ఇంగ్లిష్‌తో మాత్రమే టెస్ట్ చేసేవాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ దొరకదు.

పొడుగు లైన్లను విరగ్గొట్టే వర్డ్‌వ్రాప్ ఫంక్షన్ కూడా బైట్లే లెక్కపెడుతుంది. డిఫాల్ట్ 75 అంటే తెలుగులో గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి సుమారు 25 క్యారెక్టర్లే. పొడుగు మాటలనూ తెంపమని కట్ ట్రూ ఇచ్చారా, అక్షరాన్నే నరుకుతుంది.

ఇప్పటికే ట్యాగులతో నిండిన టేబుల్ ఉంటే ముందు బ్యాకప్ తీయండి. బీఆర్ అన్ని రూపాల్లో ఉంటుంది: స్లాష్‌తో, స్లాష్ లేకుండా, పెద్ద అక్షరాల్లో. ట్యాగును ఒక్కదాన్నే కాదు, దాని వెనకే 13, 10 ఉంటే వాటినీ కలిపి ఒకే ఒక్క 10తో మార్చండి. లేదంటే ఎన్‌ఎల్‌టూబీఆర్ చేసి సేవ్ చేసిన పాత రికార్డులన్నిట్లో లైన్లు రెట్టింపవుతాయి.